నాలుగు మూలల బొట్టు

"లాగకు నాయినా. చినుగుతది," అంది మంగళ.

సాయిలు చెయ్యి ఆపాడు. ఫ్రేము వెనక మేకులన్నీ పీకేశాడు, అద్దం తీసి గోడకు ఆనించాడు. తీరా చూస్తే మార్కుల కాగితం అట్టకు అతుక్కుపోయి ఉంది. ఫాక్‌లాండ్ రోడ్డు మీద పటాలు కట్టేవాడు పని శ్రద్ధగా చేశాడు. కాగితం ముడత పడకూడదని వెనకంతా బంక పూసి, నున్నగా ఒత్తి అతికించాడు. నీ మనవలు కూడా చూస్తారన్నాడట అప్పుడు. ఇప్పుడు కాలేజీవాళ్ళు చూస్తామంటే ఊడి రావడం లేదు.

"అంచు పట్టి మెల్లగ తియ్యి," అంది అతని భార్య రాజవ్వ పొయ్యి దగ్గర నుంచి.

"మెల్లగనే తీస్తున్న."

"గోరు వెట్టకు."

"గోరు ఏడున్నదే నాకు," అన్నాడు సాయిలు.

నిజమే. ఇరవై ఏళ్ళుగా గోడలకు సున్నం వేస్తున్న చేతులవి. గోళ్ళు అరిగిపోయాయి, వేళ్ళ కొసలు పగిలిపోయాయి. వానాకాలంలో సున్నం పని ఉండదు కాబట్టి ఆ పగుళ్ళు ఈమధ్యే కాస్త మూసుకుంటున్నాయి.

ఒక మూల కొద్దిగా లేచింది. దానితోపాటు కాగితం పొర కూడా లేచింది. సాయిలు దాన్ని బొటనవేలితో మళ్ళీ అదిమేసి గోడకు చేరగిలబడ్డాడు.

మార్కుల కాగితం అసలుదే చూపించాలని కాలేజీలో అన్నారు. ఫారాలు తీసుకోవడానికి ఇవాళే ఆఖరు, సాయంత్రం నాలుగింటికి కిటికీ మూసేస్తారు. నిన్న సాయంత్రం మంగళ ఆ మాట చెప్పినప్పటి నుంచి ఈ ఒంటిగది ఖోళీలో ఎవరూ సరిగ్గా తిన్నది లేదు.

తొమ్మిదో గల్లీలోని ఆ వరస గదుల చాల్‌లో పన్నెండో తరగతి సైన్సు పాసైన మొదటి పిల్ల మంగళ. నూటికి అరవై ఎనిమిది. పాసైన కాగితాన్ని పెట్టెలో పెడితే ఎవరు చూస్తారు? అందుకే సాయిలు పటం కట్టించాడు. కురుమూర్తి స్వామికీ ఎల్లమ్మకూ నడుమ మేకు కొట్టి తగిలించాడు. పదిహేను రోజులుగా అతని తల్లి మల్లవ్వ ఆ మూడింటికీ కలిపే ఊదుబత్తి తిప్పుతోంది.

ఆ మల్లవ్వ మీదికే ఇప్పుడు తిరిగాడు సాయిలు.

"అవ్వా, కాగితానికి పసుపు కుంకుమ పెట్టుమని నీకెవరు జెప్పిన్రు?"

ముసలామె చేటలో బియ్యం చూస్తోంది. తలెత్తలేదు.

"కొత్త వస్తువు ఇంటికొస్తే పెట్టనా మరి."

"వస్తువా ఇది? జర మూలకు పెడితే పెట్టినవ్. నడిమిట్ల గూడ పెడ్తరా? అచ్చరాలు గనవడ్తలేవు."

కాగితం నాలుగు మూలలా చిన్న చిన్న పసుపు చుక్కలు, వాటి మీద కుంకుమ. అవి ముద్దుగానే ఉన్నాయి. కానీ మధ్యలో ఇంకొకటి ఉంది. వేలెడంత మేర కుంకుమ తడిగా పాకి ఎండిపోయింది. ఫిజిక్స్ అన్న మాట దాటగానే ఆ ఎరుపు మొదలై, అంకెనూ అంకె పక్కన అక్షరాలనూ కప్పేసింది.

"తుడిస్తే పోదా?" అంది రాజవ్వ.

"తుడిస్తే కాగితమే పోతది. ముసల్దానికి కండ్లు గనవడవు, చేతులు ఊకుండవు."

మల్లవ్వ ఒక రాయి ఏరి కిటికీలోంచి పారేసింది. మంగళ నానమ్మ వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుని, తడి బట్టలు తెచ్చే నెపంతో గ్యాలరీలోకి వెళ్ళిపోయింది.

శంకర్రావు అప్పుడే మెట్లెక్కి వస్తున్నాడు. మున్సిపాలిటీ తెలుగు బడిలో గుమాస్తా. చాల్‌లో ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆయన కళ్ళజోడు ముందుకు పోవాల్సిందే. మంగళ చేత పన్నెండులో తెలుగు తీసుకోమని పట్టుబట్టి, రెండేళ్ళు గ్యాలరీలో చాప వేసి పాఠం చెప్పినవాడూ ఆయనే. ఆ తెలుగులో మంగళకు ఎనభై తొమ్మిది వచ్చింది. అప్పటి నుంచి ఆయన నడక మారిందని రాజవ్వ అంటుంది.

"ఇంగ ఊడదు సాయిలూ," అన్నాడు ఆయన కాగితాన్ని పైకీ కిందికీ చూసి. "అద్దం మళ్ళ వెట్టు. పటం పటమే పట్కపో."

"ఇంత పటమా సార్? నవ్వరా?"

"నవ్వనీ. అసలుది గావాలన్నరు. అసలుదే గద ఇది. పోయినేడు అరవై రెండు మార్కులొచ్చినోనికి సీటిచ్చిన్రు. మనకు అరవై ఎనిమిది. ఎవడు ఆపుతడు?"

బయట మంగళ తడి చీర పిండుతూ ఆ మాట విన్నది. ముప్ఫై తొమ్మిది. ఆ కుంకుమ కింద ఉన్న అంకె అది. చాల్ మొత్తంలో ఆ సంగతి తనకొక్కదానికే తెలుసని అనుకుంటోంది. కాలేజీ బోర్డు మీద అంటించిన రెండో నోటీసు సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. డిగ్రీలో తను కోరుకున్న కెమిస్ట్రీ కావాలంటే ఫిజిక్స్‌లో నలభై అయిదుకు తగ్గకూడదు. మొదటి రోజే చదివింది. నమ్మలేక మర్నాడు మళ్ళీ వెళ్ళి చదివింది. తర్వాత పది రోజులు, ఫారాలు ఇంకా ఇవ్వడం లేదని ఇంట్లో అబద్ధం చెప్పింది.

రోజులు గడిస్తే అంకె మారుతుందనుకోలేదు. అయినా ఒక్కో రోజూ గడిపింది.

*

సాయిలు పటాన్ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి గుండెలకు ఆనించుకుని నడుస్తున్నాడు. మంగళ వెనక గొడుగు పట్టింది. ఆ గొడుగు ఇద్దరికీ చాలలేదు, పటానికి మాత్రం సరిపోయింది.

ఎప్పుడూ చుట్టు తిరిగి పెద్ద రోడ్డున వెళ్ళేవాడు సాయిలు. కూతురిని వెంటబెట్టుకుని, ఆడవాళ్ళు గిరాకీ కోసం గడపల్లో కూర్చునే ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా నడిచేవాడు కాదు. ఇవాళ ఆలస్యమైపోయింది, వాన వదలడం లేదు. తల వంచుకుని అటే నడిచాడు.

ఒక గడపలో కూర్చుని తల దువ్వుకుంటున్న ఆడమనిషి తెలుగులోనే అడిగింది.

"ఏ దేవుని పటమన్నా?"

సాయిలు ఆగాడు. ఆ గడపల వైపు అతను చూడడు. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ చూసి ఎరగడు.

"దేవుడు గాదమ్మా. నా బిడ్డ మార్కులు. కాలేజికి పోతున్నం."

ఆమె దువ్వెన ఆపి మంగళ వైపు చూసింది. మంచిగ సదువు బిడ్డా, అన్నది. మంగళకు ఏడుపొచ్చింది. గొడుగు కొంచెం కిందికి దించింది.

గ్రాంట్ రోడ్డు స్టేషన్ దాటి కాలేజీ చేరేసరికి పన్నెండున్నర అయింది. కిటికీ ముందు వరసలో అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ ఫైళ్ళు. సాయిలు చేతుల్లో పటం. ముందున్న ఒక కుర్రవాడు వెనక్కి తిరిగి చూసి పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. వాళ్ళు మరాఠీలో నవ్వుకున్నారు. మంగళకు మరాఠీ వచ్చు. రాకపోయినా అర్థమయ్యేదే.

కిటికీ వెనక తారాబాయి అనే గుమాస్తా ఉంది. యాభై ఏళ్ళుంటాయి. పొద్దుటి నుంచి కాగితాలు చూసి చూసి ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"మార్క్‌షీట్," అంది చెయ్యి చాపి.

సాయిలు ప్లాస్టిక్ విప్పి పటాన్ని కిటికీలోంచి లోపలికి పెట్టబోయాడు. పట్టలేదు. అడ్డంగా తిప్పాడు, అప్పుడు పట్టింది.

తారాబాయి అద్దం మీది వాన చుక్కలను తన కొంగుతో తుడిచింది. తర్వాత హిందీలో అడిగింది.

"ఇదేమిటి బాబా?"

"అసలుదే బాయి," అన్నాడు సాయిలు తనకొచ్చిన హిందీలో. "మా ఇంట్లో మొదటిసారి. అందుకని పటం కట్టించాను."

ఆమె మంగళ నింపి తెచ్చిన ఫారం తీసి అడ్రసు చదివింది. కామాఠిపుర అన్న చోట ఆగి ఒకసారి మంగళ వైపు చూసింది. ఆ పేట పేరు వినగానే మనుషులు చూసే ఆ చూపు మంగళకు కొత్త కాదు. ఎనిమిదో తరగతి నుంచీ అలవాటే. తారాబాయి మాత్రం ఏమీ అడగకుండా మళ్ళీ పటం వైపు తిరిగింది.

"ఫిజిక్స్ కనబడటం లేదు. ఈ ఎరుపు ఏమిటి?"

"కుంకుమ బాయి. మా అమ్మ పూజ చేసింది. చదువు రాదు ఆమెకు, ఎక్కడ పెట్టాలో తెలియదు."

తారాబాయి పెన్సిలు అందుకుంది. పాత కవరు వెనక మిగతా అంకెలు ఒకదాని కింద ఒకటి వేసింది. ఇంగ్లీషు అరవై ఆరు, తెలుగు ఎనభై తొమ్మిది, కెమిస్ట్రీ అరవై నాలుగు, లెక్కలు డెబ్భై ఒకటి, బయాలజీ డెబ్భై ఎనిమిది. కూడింది. కింద మొత్తం నాలుగు వందల ఏడు అని అచ్చులోనే ఉంది. అందులోంచి తీసేసింది.

"ముప్ఫై తొమ్మిది," అంది.

అంత తేలికగా. మంగళ పదిహేను రోజులు మోసిన అంకెను ఆమె అర నిమిషంలో కవరు వెనక రాసేసింది. మంగళకు సిగ్గుతోపాటు ఒళ్ళు కాస్త తేలికైనట్టు కూడా అనిపించింది. ఆ తేలిక ఎక్కువసేపు నిలవలేదు.

"ముప్ఫై తొమ్మిదంటే పాసే గదా?" అన్నాడు సాయిలు.

"పాసే. కానీ కెమిస్ట్రీ రాదు. ఫిజిక్స్‌లో నలభై అయిదు ఉండాలి. బోర్డు మీద రాసే ఉంది, అమ్మాయి చూడలేదా?"

మంగళ తడి గొడుగు మడతలు సర్దుకుంది.

"మొత్తం అరవై ఎనిమిది ఉంది బాయి. పోయిన సంవత్సరం అరవై రెండుకు ఇచ్చారట."

"ఆ అరవై రెండు సైన్సు మార్కులది. మేం చూసేది ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఈ మూడే. భాషల మార్కులు ఇక్కడ లెక్కలోకి రావు."

"తెలుగులో ఎనభై తొమ్మిది," అన్నాడు సాయిలు, ఆమె సరిగ్గా చూడలేదేమోనని.

"చూశాను బాబా. చాలా మంచి మార్కులు. కానీ రావు."

వరసలో వెనకవాళ్ళు గొణుగుతున్నారు. తారాబాయి గొంతు తగ్గించింది. విసుగు పోలేదు గానీ, ఆ విసుగు వీళ్ళ మీద కాదు.

"రెండే దారులు. చెట్ల శాస్త్రం, జంతు శాస్త్రం తీసుకుంటే ఇవాళే సీటు ఇస్తాను. బాటనీకి ఈ ఫిజిక్స్ నిబంధన లేదు. కెమిస్ట్రీయే కావాలంటే అక్టోబరులో ఫిజిక్స్ మళ్ళీ రాసుకుని వచ్చే ఏడు రావాలి. ఏదైనా నాలుగు లోపల చెప్పండి."

"బాటనీ ఇవ్వండి," అన్నాడు సాయిలు వెంటనే. అదేమిటో అతనికి తెలియదు.

"ఇంకొకటి. ఈ కాగితం ఇలా తీసుకోలేను. మార్కు తక్కువున్న చోటే మరక పడింది. పైన ఎవరైనా చూస్తే కావాలని చేశారంటారు. బోర్డు ఆఫీసు నుంచి రెండో కాపీ తెచ్చుకోవాలి. దానికి అర్జీ రాయండి. మరక ఎలా పడిందో, ఎవరి చేతితో పడిందో రాసి, వాళ్ళ చేత సంతకం పెట్టించండి. ఆ అర్జీ ఉంటే బాటనీ ఫారం తీసుకుని ఉంచుతాను. అబద్ధమని తేలితే మాత్రం సీటు పోతుంది."

"అబద్ధమెందుకు బాయి," అన్నాడు సాయిలు. "మా అమ్మ చేత వేలిముద్ర వేయిస్తాను."

*

వాన తగ్గింది. తిరుగు దారిలో సాయిలు పటాన్ని చంకలో పెట్టుకున్నాడు. ప్లాస్టిక్ చుట్టలేదు.

స్టేషన్ వంతెన కింద ఆగి బీడీ ముట్టించుకున్నాడు. సగం తాగాక అడిగాడు.

"నీకు ముందే ఎర్కనా?"

"ఎర్కే."

"ఎందుకు జెప్పలె?"

మంగళ నేల వైపు చూసింది. ఏం చెప్పాలి. పాసైన రోజు మెట్ల మీద జనం రాకపోకలు ఆగలేదు. కింద బ్యాండు వాళ్ళను పిలవనా అని నాన్న అడిగాడు. ఆ సమయంలో అంకెలు విడదీసి చెప్పడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

"పొద్దుగాల్నే లేసి ఫిజిక్సు క్లాసుకు పోతుంటివి గద. రోజు ఆరింటికి. ఏం జెప్పిన్రు ఆడ?"

"ఇంగ్లీషుల జెప్తరు నాయినా. అర్థం గాలె."

అది సగమే నిజం. క్లాసుకు దసరా దాకానే వెళ్ళింది. అప్పటిదాకా చాల్‌లో నల్లా నీళ్ళు తెల్లవారుజామున వచ్చేవి, రాజవ్వ బిందెలు నింపి దవాఖానాలో ఆయా పనికి వెళ్ళేది. దసరా తర్వాత నల్లా వేళ మార్చారు. ఆరింటికి మొదలై ఏడింటికి ఆగిపోతుంది. ఆరింటికి రాజవ్వ డ్యూటీలో ఉండాలి. మల్లవ్వ మోకాళ్ళు బిందె ఎత్తనివ్వవు. సాయిలు అప్పటికే కూలీలు చేరే నాకా మీద పని కోసం నిలబడి ఉంటాడు, ఇంట్లో ఉన్నా మగవాళ్ళు నిలబడే వరస కాదది. పక్క ఖోళీల వాళ్ళు రెండు రోజులు పట్టి పెట్టారు, మూడో రోజు మొహం తిప్పుకున్నారు. మంగళ క్లాసు మానేసి బిందెల వరసలో నిలబడింది.

నాయినకు చెప్పకు, క్లాసు మాన్పించినవని నన్నంటడు, అంది రాజవ్వ. నాలుగు రోజులే అనుకున్నారు ఇద్దరూ. మార్చి దాకా అలాగే సాగింది.

"చెట్ల సదువు గూడ సైన్సే గద," అన్నాడు సాయిలు బీడీ పారేసి.

"సైన్సే."

"మరి ఏడుస్తున్నవెందుకు?"

"ఏడుస్తలే."

"కెమిస్ట్రీలనే ఏమున్నది?"

ఆ ప్రశ్న అతను ఇన్నేళ్ళలో అడగనేలేదు.

"నా చిన్నప్పుడు నీ ఎంబడి పనికి తోల్కపోతుంటివి గద. డ్రమ్ముల సున్నం రాళ్ళేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేది. పొయ్యి లేదు, మంట లేదు, ఎట్ల ఉడుకుతది అని అడిగిన. సున్నమంటే అంతే అన్నవ్. తొమ్మిదిల టీచరు జెప్పింది ఎట్లనో. నాకు గప్పటిసంది అదే సదవాల్నని."

సాయిలు తన చేతులు చూసుకున్నాడు. ఎడమ చేతి మణికట్టు మీద, ఎప్పుడో ఆ డ్రమ్ములోంచి చిమ్మి కాలిన మచ్చ ఉంది.

"ఎట్లుడుకుతది?" అని అడిగాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. రెండు మాటలయ్యేసరికి రైలు వచ్చి వంతెన అదిరింది, మాట వినబడలేదు. రైలు వెళ్ళిపోయాక అతను మళ్ళీ అడగలేదు.

"ఏడాది ఇంట్ల కూసుంటే ఇంగ లేవవు బిడ్డా," అన్నాడు నడుస్తూ. "ధారావిల మీ చిన్నమ్మ సంచులు కుట్టే పనికి పంపుమని మొన్నటిసంది అంటున్నది. ఒక్కపారి దాంట్ల కూసుంటే అయిపాయె. వచ్చినకాడికి పట్టుకోవాలె."

మంగళ తల ఊపింది. అలసిపోయిన మనిషితో వాదించడం ఆమెకు చేతకాదు. తన అలసట ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు.

*

రెండున్నరకు శంకర్రావు అర్జీ రాయడం మొదలుపెట్టాడు. జరిగిందంతా సాయిలు చెప్తుంటే కలం పక్కన పెట్టి విన్నాడు.

"తెలుగు మార్కులు లెక్కకు రావన్నదా?"

"రావన్నది సార్."

శంకర్రావు కళ్ళజోడు తీసి ధోవతి అంచుతో తుడిచాడు. తుడిచినా వెంటనే పెట్టుకోలేదు. రెండేళ్ళు చాప వేసి చెప్పిన పాఠాలు ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. ఆ సాయంత్రాలు ఈ పిల్ల ఫిజిక్స్ చదివి ఉంటే, అని కూడా అనుకుని ఉంటాడు. పైకి మాత్రం, "రాసేద్దాం, టైం లేదు," అన్నాడు.

ఇంగ్లీషులో రాసి తెలుగులో చదివి వినిపించాడు. చదువు రాని మల్లవ్వ అను నేను పూజ సమయంలో పొరపాటున నా మనవరాలి మార్కుల కాగితం మీద కుంకుమ పెట్టితిని. అందువలన ఫిజిక్స్ మార్కు కనబడకుండా పోయినది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు.

సాయిలు తెలుగులో సంతకం పెట్టాడు. అక్షరాలు ఒక్కొక్కటే రాశాడు. శంకర్రావు జేబులోంచి సిరా అద్దే డబ్బీ తీసి మూత తెరిచాడు.

"అవ్వా, వేలు."

మల్లవ్వ గోడ పట్టుకుని లేచి వచ్చి కూర్చుంది. కొడుకు అన్నవన్నీ పడింది, కాలేజీ నుంచి వచ్చి అన్నవీ పడింది.

"నీ ఒక్క వేలు ఎంత పని జేసిందో సూడు," అన్నాడు సాయిలు. "అది లేకుంటే ఆ బాయి ముంగట దొంగల్లెక్క నిలవడకపోదుము."

"అననియ్యి," అంది మల్లవ్వ, వారించబోయిన శంకర్రావుతో.

"అనక?"

"అను బిడ్డా. నేనేమన్న వద్దన్ననా."

సాయిలు గడప దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకుంటున్నాడు. రాజవ్వ పొయ్యి మీద చాయ్ దించి, ఎవరికీ పోయకుండా అలాగే కూర్చుంది. శంకర్రావు ముసలామె బొటనవేలు పట్టుకుని డబ్బీలో అద్దాడు. వేలు నీలంగా తేలింది.

మల్లవ్వ ఆ వేలిని కాగితం మీదికి తెచ్చింది. తెచ్చి అక్కడే ఆపింది. పక్కన కూర్చున్న మంగళ వైపు తిరిగి, చెవిలో చెప్పినంత మెల్లగా అంది.

"నేను నాలుగు మూలలకే పెడ్త బిడ్డా. పీటకైనా, పుస్తకానికైనా మూలలకే పెడ్త. నడుమ ఎన్నడు పెట్టలె."

మంగళ తలెత్తి నానమ్మ మొహంలోకి చూసింది.

"అయిన వేస్త తియ్యి," అంది మల్లవ్వ. "నా వేలుకేమైతది."

గడప దగ్గర ఒక చెప్పు వేసుకుని రెండో చెప్పు చేతిలో పట్టుకుని సాయిలు అలాగే ఉన్నాడు. ఖోళీ పన్నెండడుగులది. అందులో చెవిలో చెప్పుకునే మాటలుండవు.

"ఏమన్నవే అవ్వా?"

మాట్లాడింది మంగళ.

"నడిమి బొట్టు నాది నాయినా."

చెప్పాక ఆగలేకపోయింది.

"మీరందరు దూద్‌పేడాలు పంచనీకె కిందికి పోయిన్రు. శంకర్రావు సారు మార్కులు సదవనీకె వస్తున్నడన్నరు. అందరి ముంగట ముప్ఫై తొమ్మిది అని సదువుతడని... కుంకుమల నీళ్ళు గలిపి నేనే రుద్దిన. నానమ్మను నువ్వు తిడుతుంటే గూడ సప్పుడు జేయలె."

శంకర్రావు అర్జీ వైపు చూశాడు. ఆ సాయంత్రం తనే అందరి ముందు, ఫిజిక్స్‌కు బొట్టు పెట్టిన్రు, శుభమే అని నవ్వి దాటేశాడు. ఆ సంగతి ఇప్పుడు ఆయనకు బాగా గుర్తుంది.

సాయిలు చేతిలో చెప్పు కింద పెట్టాడు. వేసుకున్నది కూడా విప్పేశాడు. లోపలికి వచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. కొడతాడేమోనని మంగళ అనుకుంది. కొట్టి ఉంటే బాగుండేదని తర్వాత చాలా రోజులు అనుకుంది. అతను ఆమె వైపు చూడనైనా లేదు. భుజం మీది తువాలు తీసి తల్లి బొటనవేలు తుడవడం మొదలుపెట్టాడు. సిరా పోలేదు. నీలం ఆ ముడతల్లోకి ఇంకిపోయింది. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"పోతది తియ్యి," అంది మల్లవ్వ.

"సార్," అన్నాడు సాయిలు తల ఎత్తకుండా. "ఆ కాగితం చింపున్రి. వేరే కాగితమియ్యున్రి దానికి."

"టైం మూడయింది సాయిలూ. నిజం రాస్తే ఆ బాయి తీసుకుంటదో లేదో."

"అబద్ధమైతే సీటు పోతదన్నది. అబద్ధం గాదని నేను ఆమెకు నోటితోని జెప్పొచ్చిన."

శంకర్రావు అర్జీని నాలుగు ముక్కలు చేశాడు. కొత్త కాగితం, కలం మంగళ ముందు పెట్టాడు.

"నీ చేత్తోనే రాయి," అన్నాడు సాయిలు. ఇంకా తల్లి వేలు వదల్లేదు. "ఎవరు పెట్టిన్రో రాయి. ఎందుకు పెట్టిన్రో గూడ రాయి."

మంగళ కలం పట్టుకుంది. తన పేరు రాసింది, చాల్ పేరు రాసింది. 'ఎందుకు' దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. మార్కులు తక్కువ వచ్చాయని సిగ్గుపడి, అని రాస్తే సరిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు. ఆమె వంగి ఆ మాటే మొదలుపెట్టింది.

"మంగళా."

పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే ఉన్న రాజవ్వ లేచి నిలబడింది. చల్లారిపోయిన చాయ్ గిన్నె చేతిలోనే ఉంది.

"నల్ల సంగతి గూడ రాయి," అంది.

మంగళ వద్దన్నట్టు తల్లి వైపు చూసింది. రాజవ్వ చూపు తిప్పుకోలేదు.

తువాలు పట్టుకున్న సాయిలు చెయ్యి మల్లవ్వ వేలి మీదే ఆగింది.

"ఏ నల్ల?" అన్నాడు.